సార్ సరిచూసిన పాఠాలు

మొన్న మంగళవారం పొద్దున మా సార్ పోయారు. గ్రూపులో మెసేజ్ చూసి కూడా, నాచారంలో ఆయన ఇంటి ముందు నిలబడేదాకా నేను నమ్మలేదు. చదివిందల్లా నమ్మొద్దని నేర్పింది ఆయనే మరి.

నేను చర్లపల్లిలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. వెబ్‌సైట్లు చేయడం వస్తే ఉద్యోగం మారొచ్చని ఆశపడి, నాలుగు నెలలు ఫోన్లో వీడియోలు చూశాను. ఎప్పుడో వాడకం పోయిన పద్ధతి బట్టీపట్టి ఇంటర్వ్యూలో నవ్వులపాలయ్యాను. ఆ తర్వాతే సార్ ఆదివారం క్లాసుకు వెళ్ళాను. ఆయన నవ్వలేదు. "ఎంతమంది సూసిన్రో కాదమ్మా, ఎప్పుడు జేసిన్రో సూడు" అన్నారు.

వెబ్‌సైటులో కంటికి కనబడే భాగం తయారుచేసేవాళ్ళు ఏ పాఠాలు నమ్మొచ్చో ఆయన నెట్‌లో ఒక జాబితా రాసి పెట్టేవారు. పాఠంలోని ప్రతి ఉదాహరణనూ సొంతంగా టైపు చేసి, తన పాత ఫోన్లో కూడా తెరిచి చూశాకే అందులో ఎక్కించేవారు. కొన్ని నెలలకోసారి మళ్ళీ మొదటి నుంచి చూసేవారు. ఆ చాదస్తానికి మేం చాటుగా తెగ నవ్వుకునేవాళ్ళం.

అంత మనిషీ ఒకసారి పొరబడ్డారు. ఫారంలో గడి లోపలే లేత అక్షరాలతో 'మీ పేరు' అని రాస్తే చాలని మాకు చెప్పారు. నా మొదటి పని, ఉప్పల్లో ఒక చిన్న దవాఖానా వెబ్‌సైటు ఫారం, అలాగే చేశాను. తర్వాత సార్ ఒంట్లో బాగాలేక అక్కడికే వెళ్ళారు. వరసలో ముందున్న ముసలాయన ఫోన్లో ఆ ఫారం నింపుతూ ఒక అక్షరం కొట్టగానే ఆ లేత అక్షరాలు మాయమయ్యాయట. "గిప్పుడు గీడ ఏం రాయాలె?" అని ఆయన బిత్తరపోయాడట. సార్ తన నంబరు వస్తున్నా పట్టించుకోక బయటికొచ్చి నాకు ఫోన్ చేశారు.

"నేనే తప్పు జెప్పిన బిడ్డా. గడి పైన విడిగా రాయాలె. అందరికీ జెప్తున్న."

అంత జ్వరంలోనూ పాత బ్యాచ్‌ల వాళ్ళందరికీ పేరుపేరునా చెప్పారు.

కొత్తగా చేరినవాళ్ళకు ఆ జాబితాయే దిక్కు. అది పాతబడితే వాళ్ళూ నాలాగే మోసపోతారు. అందుకే ఆదివారం చర్చిలో సార్ కోసం ప్రార్థన అయ్యాక, పాతవాళ్ళం ఐదుగురం ఆయన గదిలో కూర్చొని ఒక్కొక్క పాఠం సరిచూశాం. పదకొండోది సార్ స్వయంగా రాసింది. కొత్త ఫోన్లో తెరిస్తే అడుగున ఉండాల్సిన బటన్ కనబడలేదు.

మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాం. ఇదొక్కటీ ఉండనిద్దామని చివరికి నేనే అన్నాను.

టీ తెచ్చిన ఆంటీ, సార్ భార్య, విషయం అడిగి తెలుసుకున్నారు. "పిల్లలు తప్పు నేర్సుకుంటరు గద బిడ్డా? తీసెయ్యి. ఆయనుంటే ఎప్పుడో తీసేస్తుండె."

తీసేశాను. కింది వరస పైకి జరిగి ఆ ఖాళీని మూసేసింది. ఆంటీ టీ పళ్ళెం పట్టుకుని ఇంకా అక్కడే చూస్తున్నారు.