సగం రొట్టె

నెలకొకసారి ప్రభు భోజనం నాడు మా గుడిలో రొట్టె పళ్లెం నన్ను దాటి పక్కవాడి దగ్గరికి పోతుంది. ఇది అన్యాయం.

నాకు బాప్తిస్మం లేకనా? ఉంది. దొరవారిసత్రం పక్క మా ఊళ్లో ఇంటిల్లిపాదీ ఒకే రోజు తీసుకున్నారు. నేను అమ్మ ఒడిలో ఆర్నెల్ల బిడ్డను. అయ్యగారు నెత్తిన నీళ్లు చిలకరిస్తుంటే ఆయన గడ్డం పట్టుకుని లాగానట. అమ్మ బతికినన్నాళ్లూ ఆ ముచ్చట చెప్పి నవ్వేది.

పెళ్లయ్యాక కృష్ణపట్నం దగ్గర నా భార్య పుట్టినూరికి వచ్చాను. ఇక్కడ అది చెల్లదన్నారు. పెద్దయి, తెలిసి, కాలవలో నిలువునా మునిగితేనే రొట్టె.

"తల తడిసింది గానీ ఒళ్లు తడవలేదు గదా బావా" అని మా ఆవిడ వాళ్లన్న, అప్పట్లో సంఘపెద్ద, నలుగురిలో ఎగతాళి చేసినాడు.

"ముసురులో నారుమడికాడ ఒళ్లంతా తడస్తానే ఉండా, చాలదా బావా?" అన్నాను. అందరూ నవ్వారు. రొట్టె మాత్రం రాలేదు.

మునగవచ్చు కదా అంటారు. మునిగితే ఆనాడు మా అమ్మ చేసింది ఉత్తదేనని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు. ఒప్పుకోను.

నా భార్య వాదించలేదు. ఆడవాళ్ల చాప చివర ఆమె, మగవాళ్ల చాప చివర నేను, నడుమ మనిషి నడిచేంత దారి. తన ముక్కను కొంగుచాటున తుంచి, చెయ్యి చాపి సగం నా అరచేతిలో పెట్టేది. "దిక్కులు చూడబాక, నోట్లో ఏసుకో" అనేది. అందరికీ తెలుసు. పాత పాస్టరుగారు ఆ కాసేపూ పాటల పుస్తకంలో తల దూర్చేవారు. మాకు పిల్లలు లేరు. నా ఇంటివారంటే ఆమే.

ఆమె పోయి రెండేళ్లు. ఇప్పటికీ చాప చివరే కూర్చుంటాను. పళ్లెం దాటిపోగానే నా అరచెయ్యి దానంతట అదే తెరుచుకుంటుంది. సిగ్గేసి మూస్తాను.

కిందటేడు కొత్త పాస్టరుగారికి ఉత్తరం రాశాను. నాది మూడో తరగతి. మిగతా చదువంతా బైబిలు మీద వేలుపెట్టి కూడబలుక్కున్నదే. అందులో చెరసాల కాపలాదారు తన ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడే, వాళ్లలో ఉయ్యాల బిడ్డ ఉంటే గడప బయట పెట్టారా అని అడిగాను. రేషను కార్డులో చంటిబిడ్డ పేరు ఎక్కుతుందే, దేవుడి దగ్గర ఎక్కదా అని అడిగాను. ఇంటివారంటే ఎవరో తేల్చి చెప్పమన్నాను. నా కార్డులో ఇప్పుడు ఒక్క పేరే ఉందని మాత్రం రాయలేదు.

చాలా నెలలకు సంఘం ముద్ర వేసి జవాబు పంపారు:

"తాతగారికి వందనములు. మీ ఉత్తరం పెద్దల ముందు చదివినాము. మీ వయసు చూసి, ప్రశ్నలేవీ అడగకుండానే బాప్తిస్మం ఇచ్చేదానికి ఒప్పుకున్నారు. కాలవ మెట్లు పాచిపట్టి ఉన్నాయి. చెయ్యి పట్టి దింపేదానికి మీ ఇంటివారిలో ఎవరినైనా ఒకరిని వెంటబెట్టుకొని రండి."