జములమ్మ బొమ్మతో వచ్చిన బోరు

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక నాది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజుల మొదలు దినాల దాకా ఎవరి మొహమైనా పది అడుగులకు సాగదీసి ఇస్తాను. కానీ నేను ఎక్కువసార్లు అచ్చు వేసింది బల్మూరు దిక్కు మా పల్లెలో ఉండే పెద్దమ్మ జములమ్మ మొహమే. ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు.

పదేళ్ల కిందటి ఎండాకాలం. కుంట ఎండి, అడుగు మట్టి పెళ్లలు పెళ్లలుగా విచ్చింది. మా దగ్గర అట్లా విచ్చితేనే సంబరం. ఆ పెళ్లలు లేపి చెలకల్లో చల్లుకుంటే రెండేళ్లు ఎరువు అక్కరలేదు. పెద్దమ్మ కూడా తట్ట పట్టుకొని పోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఫోటో ఆయన ఆ తట్టను పక్కన పెట్టించి, నెత్తి మీద చేయి పెట్టుకొని ఆకాశం దిక్కు చూడమన్నాడు. చూసింది. ఆమెకు కాదనడం రాదు.

ఆ బొమ్మ పేపర్లో పడింది, ఫోన్లలో తిరిగింది. వాతావరణం మారిపోతోందని ఎక్కడ మీటింగు పెట్టినా వెనక మా పెద్దమ్మే. ఆ ఫ్లెక్సీలు కొట్టింది నేనే. అది మేము మోసుకుపోయే ఎరువు మట్టిరా నాయనా అని ఒక్కరికైనా చెప్పానా? చెప్పలేదు. ఆ ఏడు వానలు లేనిది నిజమే కదా అని సర్దుకున్నాను.

బొమ్మ చూసి జాలిపడ్డ దాతలెవరో ఊర్లో లోతుగా బోరు వేయించారు. నీళ్లు ఉబికి వచ్చాయి. వాటిని పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఎండిన ఊరికి నీళ్లు పడ్డాయి, అదే చాలనుకున్నారు. ఊరంతా దాన్ని జములమ్మ బోరు అన్నది. తర్వాత ఇళ్లకు సర్కారు నల్లాలు వచ్చినా, మందు వాసన వస్తోందని ఆ నీళ్లతో బట్టలు ఉతుక్కొని, తాగడానికి బోరు నీళ్లే మోసుకున్నారు. అందరికంటే ముందు మా పెద్దమ్మే.

పోయినేడు ఆమె మనవరాలు శ్రీజ బడిలో ఉరుకుతూ పడిపోయింది. బోరు పడ్డ ఏడే పుట్టిన పిల్ల. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. దవాఖానలో డాక్టరు నీళ్లు పరీక్ష చేయించమన్నాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ విపరీతంగా ఉందని తేలింది. పెద్దమ్మ ఆ కాగితం పట్టుకొచ్చి నా దుకాణంలో కూలబడింది.

"నా బొమ్మ జూసి బోరేసిన్రు. గిప్పుడు ఆ నీళ్లు తాగొద్దని ఇంకో బొమ్మ ఎయ్యి బిడ్డా. నా మాట ఎవరు ఇంటలేరు."

ఏం బొమ్మ వేయాలి? ఫ్లోరైడ్ కనబడదు, వాసన రాదు. గ్లాసు నీళ్ల బొమ్మ వేసి, మీద ఎర్రగా అడ్డగీతలు కొట్టి, బోరు దగ్గర కట్టి వచ్చాను. జనం చూసి నవ్వారు. "గింత తేటగున్నయ్, వీటికేం రోగం?" అన్నది పెద్దమ్మ పక్కింటి సత్తెమ్మ, బిందె నింపుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలి? విచ్చిన నేల బొమ్మలు చూపించి చూపించి, నీళ్లు లేకపోవడమొక్కటే ఆపదని నేర్పింది నాలాంటి వాళ్లమే.

వారం తర్వాత పెద్దమ్మ శ్రీజను వెంటబెట్టుకొని వచ్చింది. "దీని కాళ్లు ఫోటో దియ్యి. జూస్తే భయపడి ఇడిసిపెడ్తరు" అన్నది గోడ దిక్కు తిరిగి. నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను. అవును, ఆనించుకున్నాను, దాచడమెందుకు. పిల్ల గౌను మోకాళ్ల పైకి పట్టుకొని బుద్ధిగా నిలబడింది.

"చిన్నాయినా, గిది మా బడి కాడ గూడ కడ్తవా?"

పెద్దమ్మ ఒక్క ఉదుటున వచ్చి గౌను కిందికి లాగేసింది. "వద్దు బిడ్డా. నా బొమ్మతోని అయింది సాలు" అంటూ పిల్లను పొట్టకు అదుముకొని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పెద్దమ్మే బోరు దగ్గర నిలబడుతుంది. "తాగకున్రి, మీ కాళ్లు మొక్కుత" అని వచ్చినవాళ్లనల్లా బతిమాలుతుంది. మొన్న నేను పోయినప్పుడూ అక్కడే ఉంది. సత్తెమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకొని మెల్లగా పక్కకు జరిపింది.

"జర జరుగు అక్కా, పిల్లలకు బడి టైమైతుంది" అని బిందె కింద పెట్టి బోరు నల్లా తిప్పింది.