నల్ల పేజీలో ఖాళీలు

పోయిన ఆదివారం ఆస్టినాబాద్‌లోని మా తెలుగు చర్చిలో వాక్యం చదువుతున్న పెద్దాయన మధ్యలో ఆగిపోయారు. కళ్ళజోడు జారింది, అంతే. కానీ ఆ నిశ్శబ్దానికి నా వీపు మీద చెమట చల్లబడింది. అలాంటి నిశ్శబ్దం నేను ఇదివరకు కరుణ మేడం గొంతులో విన్నాను.

ఆవిడ మా దీవుల్లోనే రంగత్‌లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. తర్వాత అబర్డీన్ బజార్లో, వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు పైన రెండు గదులు తీసుకుని, మెయిన్‌లాండ్ నుంచి వచ్చే తెలుగు లెక్కల పుస్తకాలను ఈ-బుక్కులుగా మార్చే పని పెట్టారు. నేను చేరేనాటికి నాకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం సరిగా రాదు. చదువూ పనీ రెండూ ఆవిడే నేర్పారు. ఏ అక్షరం ఎంత సైజులో, ఏ రంగులో కనబడాలో చెప్పే చిన్న ఫైలును స్టైల్ షీట్ అంటారు. అందులో ఒక్క వర్గమూలం గుర్తు కోసం నాచేత వారం రోజులు కుస్తీ పట్టించారు. "లెక్కని బొమ్మలాగ అతికించీకు బేటీ, అక్షరాల్లోనే రాయి. దాని సైజూ రంగూ పక్క అక్షరాన్ని బట్టే ఉండాల. చదివేవోడు పేజీ ఎలా మార్చుకున్నా లెక్క ఆడితోనే రావాల. సమఝ్ అయిందా?" అనేవారు.

పుస్తకం పూర్తయ్యాక దాన్ని ఫోన్లో మొదటినుంచి చివరిదాకా పైకి చదవడం ఆవిడ పద్ధతి. అప్పటికే కళ్ళలో నీటికాసులు, చూపును మెల్లగా తినేసే జబ్బు. ముందుగా చూపులో అక్కడక్కడా ఖాళీలు పడతాయని డాక్టరు చెప్పారట. తెల్ల పేజీ గుచ్చుతుందని నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు పెట్టుకునేవారు.

ఒక వానాకాలం, వందకు పైగా సమీకరణాలున్న అధ్యాయంతో విసుగెత్తి, అన్నిటినీ బొమ్మలుగా అతికించేశాను. ఒక మధ్యాహ్నం జడివానకు కిటికీలు మూసేస్తే గది మసకగా ఉంది. మేడం చదువుతున్నారు. "కాబట్టి" అని ఆగారు. చాలాసేపు రేకుల మీద వాన చప్పుడే. తర్వాత "అని రుజువైంది" అన్నారు. తరువాతి వాక్యంలోనూ అంతే. తెరను వేలితో తడుముతున్నారు.

"సునీతా, ఇక్కడేటైనా ఉందా?"

నా కంప్యూటర్లో చూసి, "ఉంది మేడం" అన్నాను.

ఆవిడ ఫోనును బల్ల మీద బోర్లించేశారు. ఆ రోజు ఇక చదవలేదు.

ఇంటికెళ్ళే బస్సులో నా ఫోన్లో పేజీని నల్లగా మార్చి చూశాను. మాటలున్నాయి, లెక్కలు లేవు. నల్లగీతల బొమ్మలు నల్ల పేజీలో కలిసిపోయాయి. చెబితే వద్దన్న పని చేశానని తెలిసిపోతుంది. నోరు మూసుకుని, గుట్టుగా సరిచేయడం మొదలుపెట్టాను. మూడో రోజు పొద్దున వెళ్ళేసరికి మేడం కళ్ళు మూసుకుని, కుర్చీలు తడుముతూ గదిలో నడుస్తున్నారు. నా అడుగుల చప్పుడుకు ముఖం ఇటు తిప్పారు గానీ కళ్ళు తెరవలేదు.

"అలవాటు చేసుకుంటన్నాను బేటీ" అన్నారు, మామూలుగా.

అప్పుడైనా చెప్పాల్సింది. పిరికిదాన్ని, చెప్పలేదు.

ఐదో రోజు సరిచేసిన అధ్యాయం చేతికిచ్చాను. ఎక్కడా ఆగకుండా చదివి తలెత్తారు. "పోయిన చూపు మళ్ళీ రాదు కదా, సునీతా" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిట్టలేదు. "ఐదు రోజులు ఇంట్లో లైటు కూడా ఏసుకోలేదు" అన్నారంతే.

రెండేళ్ళకు చూపు నిజంగానే తగ్గింది. ఇప్పుడు ఆవిడ లేరు. ప్రతి పుస్తకాన్నీ నల్ల పేజీలో పైకి చదివాకే పంపుతాను, అది ఆవిడ ఇచ్చిన అలవాటు. నేను చేతులారా తెచ్చుకున్నది వేరే ఉంది. తన ఆఖరి పుస్తకం చదువుతూ మేడం ఒకచోట ఆగి, "ఇక్కడేటైనా ఉందా?" అని అడిగారు. ఉంది. అక్షరాల్లోనే, సరిగ్గా రాశాను. "ఉంది మేడం" అన్నాను. ఆవిడ తలూపి, గోడ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి, కింద కొట్లోని భయ్యాను పైకి పిలిచారు. తెలుగు అక్షరం ముక్క రాని ఆ మనిషి ఫోనులోకి చూసి, "హా మేడమ్‌జీ, కుఛ్ లిఖా హై" అని, ఏదో రాసి ఉందని చెప్పాకే పేజీ తిప్పారు.