అందరికీ దొన్నెలే

బెంగళూరు చిక్కపేట నుంచి తెప్పించిన ఆకు దొన్నెల కట్ట విప్పగానే ఎండుటాకు వాసన గుప్పుమంది. ఉప్పు చూద్దామని ఒక దొన్నెలో గరిటెడు వేడి బిర్యానీ వేశాను. ఆకు తడిసి, పుదీనా కొత్తిమీర ఘాటుతో కలిసిన ఆవిరి ముఖానికి కొట్టింది. అంతే, హూడిలో మా ఫ్లాట్ వంటింట్లో వాకర్ పట్టుకుని నిలబడ్డ నేను, హెబ్బగోడిలో మా పాత చర్చి వెనకున్న వంటపాకలోకి వెళ్ళిపోయాను. గ్రేసమ్మ ఆంటీ అక్కడే ఉంది. కొంగు నడుముకు దోపుకుని, గరిటె ఊపుతూ ఎవరినో తిడుతోంది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. తిట్లు మాత్రం నాకింకా వేడివేడిగానే వినిపిస్తుంటాయి.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు సెరెబ్రల్ పాల్సీ. పుట్టేటప్పుడు మెదడుకు గాలి సరిగ్గా అందక కాళ్ళు, కుడిచెయ్యి బిగుసుకుపోయాయి. మాట కూడా ఒక్కొక్కటిగా, ముద్దముద్దగా వస్తుంది. బుద్ధి మాత్రం అందరికీ ఉన్నంత ఉంది, ఒక్కోసారి అవసరానికి మించి కూడా పనిచేస్తుంది. అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం కోసమే ఒంగోలు వైపు నుంచి బెంగళూరు వచ్చాం. నాన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పదో తరగతి నేను ఇంట్లో చదివే కట్టాను. పదిహేనేళ్ళ వయసులో నాతో మాట్లాడే మనుషులు అమ్మ, నాన్న, వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ మేడమ్. అమ్మానాన్నలకు నేను ఊతం లేకుండా నడవాలని ఆశ. నాకు అంత పెద్ద ఆశలు లేవు. పక్కన కూర్చుని పనికిమాలిన కబుర్లు చెప్పే స్నేహితురాలు ఒకత్తి దొరికితే చాలనుకునేదాన్ని. అదే దొరికేది కాదు.

నలుగురిలోకి వెళ్ళేది ఆదివారం చర్చికే. అక్కడ నాకు ఒకే ఒక పని, ప్రార్థన చేయించుకోవడం. ఏ ఊరి నుంచి ఏ బోధకుడు వచ్చినా, స్వస్థత కావలసినవాళ్ళు ముందుకు రండి అనగానే సంఘమంతా నావైపు తిరిగేది. నాన్న నా రెక్క పట్టుకుని ముందుకు నడిపించేవాడు. తల మీద పది చేతులు పడేవి. అందరి కళ్ళలో నీళ్ళు, ఆ ప్రేమ నిజమైనదే, కాదనను. కానీ కళ్ళు తెరిచాక ఒక్కరూ "ఏం చదువుతున్నావు, ఏం సినిమా చూశావు" అని అడిగేవారు కాదు. నా ఈడు పిల్లలైతే నన్ను చూడగానే ముఖం పెద్దమనుషుల్లా పెట్టుకుని పక్కకు తప్పుకునేవారు.

నెలకో ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉండేది. సంఘమంతా కలిసి వండుకుని, కలిసి తినడం. అది నేనెప్పుడూ చూడలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే సగం అన్నం ఒళ్ళో పడుతుంది, పెదవి చివర తడి కారుతుంది. నలుగురి ముందు అలా తినడమెందుకని అమ్మ ఇంట్లోనే ముందుగా తినిపించేది. ఆశీర్వాదం అయీ కాకముందే నాన్న ఆటో పిలిచేవాడు. వంటపాక నుంచి వచ్చే మసాలా వాసన ఆటోలో మలుపు దాకా మాతో వచ్చేది. ఆ మలుపు తిరిగాక నాకు ప్రతిసారీ ఏడుపొచ్చేది.

ఆ వంటపాకకూ, సంఘంలోని యువతీయువకులకూ కలిపి పెద్దదిక్కు గ్రేసమ్మ ఆంటీ. వాళ్ళ తాతలు కోలారు గనుల వైపు నుంచి వచ్చారట. ఆవిడ ఇక్కడే పుట్టి, కన్నడ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ తెలుగులో కన్నడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాకు తెలిసేది కాదు. మహా కోపిష్టి మనిషి. పాస్టరుగారు కూడా ఆవిడ ఎదురొస్తే ఒకసారి చొక్కా సర్దుకునేవారు.

ఒక ప్రేమవిందు ఆదివారం, కొత్త బోధకుడు మామూలుగానే పిలుపు ఇచ్చారు. నాన్న లేచి నా రెక్క పట్టుకున్నాడు. వెనక వరసలోంచి గ్రేసమ్మ ఆంటీ గొంతు వినిపించింది.

"ఏమప్పా ప్రసాదూ, పాపను యాడికి తీసుకపోతా ఉండావు?"

"ముందుకండీ, ప్రార్థనకి."

"పాపకు ఈ పొద్దు నా దగ్గర పని ఉండాది. మీరు ప్రార్థన చేస్తా ఉండండి. వంటింట్లో ఉన్నా దేవునికి కనపడతాదిలే."

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న ఏం చెయ్యాలో తెలియక నన్ను చూశాడు. నేను అప్పటికే వాకర్ తిప్పేశాను.

వంటపాకలో అనిత అనే అమ్మాయి ఉల్లిపాయలు కోస్తూ ఏడుస్తోంది. జోయల్ అనే పొడుగాటి కుర్రాడు బియ్యం కడుగుతున్నాడు. గ్రేసమ్మ ఆంటీ నా ముందు వెల్లుల్లి గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. ఎలా వలవాలో చెప్పలేదు, చేతనవుతుందా అని అడగలేదు. ఎడమచేత్తో రెబ్బను బల్లకు అదిమి, గోటితో గీరి, నా తిప్పలు నేను పడ్డాను. తిరిగొచ్చి గిన్నెలోకి చూసి ఆవిడ అరిచింది.

"ఇదేందే దీవెనా, సగం పొట్టు పొట్టుగానే ఉండాదే! సంఘానికి పొట్టు తినిపిస్తావా? మళ్ళా వలుచు."

అప్పటిదాకా పుట్టి బుద్ధెరిగి నన్ను తిట్టినవాళ్ళు లేరు. అనిత నావైపు వంగి, "నన్ను మార్నింగ్ నుంచి త్రీ టైమ్స్ తిట్టింది. నీకు ఒకటే కదా, లక్కీ నువ్వు" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పెదవి తడవడం ఖాయం, తడిసింది కూడా. అనిత ఉల్లిపాయ కన్నీళ్ళు తుడుచుకున్న గుడ్డే నాకూ అందించింది. దాంతో మూతి తుడుచుకుంటే నా కళ్ళూ మండాయి.

వడ్డన వేళకు చూస్తే, ఎప్పుడూ వాడే పేపర్ ప్లేట్లు లేవు. బల్లల మీద దొన్నెలు వరసగా ఉన్నాయి. సంఘపెద్ద ఒకాయన గొణిగాడు. "బిర్యానీ దొన్నెలో తింటేనే రుచి. ఇంక అందరికీ దొన్నెలే" అని గ్రేసమ్మ ఆంటీ తేల్చేసింది. నావైపు కనీసం చూడలేదు. తర్వాత, "ఈ పొద్దు భోజనం ప్రార్థన దీవెన చేస్తాది" అని ప్రకటించి కళ్ళు మూసేసుకుంది.

ఎప్పుడూ నా కోసం కళ్ళు మూసుకునే జనం ఇప్పుడు నేను నోరు తెరవడం కోసం కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా" అనడానికే నాకు చాలాసేపు పట్టింది. తర్వాతి మాట గొంతులో చిక్కుకుంటే అనిత పాపం జాలిపడి అందించబోయింది. గ్రేసమ్మ ఆంటీ కళ్ళు తెరవకుండానే, "అనితా, సుమ్మనుండు, మాట్లాడొద్దు. దాని మాట అదే ముగిస్తాది" అంది. ఇక నాకు ధైర్యం వచ్చింది. దొరికిందే అవకాశమని వండినవాళ్ళ కోసం, కడిగినవాళ్ళ కోసం, ఉల్లిపాయలు కోసినవాళ్ళ కళ్ళ కోసం, ఆఖరికి కోడి కోసం కూడా ప్రార్థించాను. ముగించగానే వచ్చినంత గట్టి ఆమెన్ ఆ హాలులో ముందెన్నడూ వినలేదు. అందరి ఆకలీ అందులో ఉంది.

"కోడికి కూడా ప్రేయరా? బిర్యానీ చల్లారిపాయె మే! నెక్స్ట్ టైమ్ షార్ట్‌గా చెయ్" అన్నాడు జోయల్.

నెక్స్ట్ టైమ్. ఆ మాట విన్నప్పుడు కలిగిన ఆనందం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

దొన్నె లోతుగా ఉంటుంది. మెతుకుల్ని దాని అంచుకు నొక్కితే అవే చెంచాలోకి ఎక్కుతాయి. కొంచెం ఒలికింది, జోయల్‌కు నాకంటే ఎక్కువే ఒలికింది. దూరం నుంచి అమ్మ చేతిరుమాలు తీసి లేవబోయి, నేనే తుడుచుకోవడం చూసి కూర్చుండిపోయింది. కాసేపటికి నాన్న వచ్చి నా పక్కన వంగి, "ఆటోని పంపించేశానమ్మా. నువ్వు నిదానంగా తిని రా" అన్నాడు. ఎన్నేళ్ళ బరువో దిగినట్టుంది ఆయన ముఖం చూస్తే.

ఆ డిసెంబరులో సాయంత్రాలు ఇంటింటికీ వెళ్ళి క్రిస్మస్ కేరల్స్ పాడడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఒక ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కుర్రాళ్ళు ఉత్సాహంగా కుర్చీ తెచ్చి నన్ను మోసుకెళ్తామన్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కాదంటే అందరినీ ఆపేసినట్టవుతుందేమోనని నోరు మెదపలేదు. గ్రేసమ్మ ఆంటీ కుర్చీని కాలితో పక్కకు జరిపింది. "మోసేదానికి పాపేమన్నా గ్యాస్ సిలిండరా? ఆ ఇంటోళ్ళనే కిందికి రమ్మనండి."

వాళ్ళు కేకు పళ్ళెంతో సహా కిందికి వచ్చారు. వీధిలోనే నిలబడి పాడాం. అద్దె గదుల్లో ఉండే ఫ్యాక్టరీ కార్మికులు అన్ని అంతస్తుల వరండాల్లోకీ వచ్చి విన్నారు, చప్పట్లు కొట్టారు. కంజిర నా ఎడమచేతిలో ఉంది, తాళం తప్పుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది నుంచి మా సంఘం కేరల్స్ అన్నీ వీధిలోనే. మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు ఆవిడను తెగ దీవించారు.

అనిత మామూలు రోజుల్లో కూడా మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. పనికిమాలిన కబుర్లు గంటలు గంటలు చెప్పుకున్నాం. పోట్లాడుకున్నాం, మాట్లాడడం మానేశాం, మళ్ళీ కలిశాం. ఒకసారి గ్రేసమ్మ ఆంటీని అడిగాను, ఆ దొన్నెలు నా కోసమే కదా అని. ఆవిడకు కోపం వచ్చింది. "నీకోసమని ఎవురు చెప్పిరి? నాకు ప్లేట్లో తినేది ఇష్టం లేదు, అంతే." చివరిదాకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకో ఆదివారం నాలాంటి పిల్లలు కొందరు, మా అపార్ట్‌మెంట్‌లోని వాళ్ళ ఈడు పిల్లలు మా ఇంట్లో కలిసి భోంచేస్తారు. ఈ మధ్యాహ్నం నిఖిల్ మొదటిసారి వచ్చాడు. పదహారేళ్ళవాడు. వాడి మాట నా మాటకంటే మెల్లగా వస్తుంది. రెండు చెంచాలు తిని ఏదో చెప్పబోయాడు. పిల్లలంతా ఆగారు. వాళ్ళ అమ్మగారు కంగారుగా, "చాలా బాగుందంటున్నాడండీ, వాడికి బిర్యానీ అంటే..." అని అందుకున్నారు. నేను చెయ్యెత్తి ఆపి, "వాడి... మాట... వాడే..." అని మొదలుపెట్టాను. నా మాట సంగతి తెలిసిందేగా, పాపం ఆవిడ ఇప్పుడు ఇద్దరి కోసం ఆగాల్సొచ్చింది.

నేను నా వాక్యం పూర్తి చేసేలోపే నిఖిల్ తన వాక్యం ముగించేశాడు.

"ఆంటీ, ఉప్పు తక్కువైంది."