అన్నయ్య కడిగిన ప్లేటు

మా అన్నయ్యను ముంబయి ఆసుపత్రికి ఎంతో బాగా తీసుకెళ్లానని పెద్దాపురంలో మా వాళ్లందరూ నన్ను మెచ్చుకునేవారు. దారిలో నేనన్న ఒక్క మాట మాత్రం మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

రాజమండ్రిలో ఎక్కి హైదరాబాద్‌లో విమానం మారాలి. మధ్యలో నాలుగు గంటల ఖాళీ. అన్నయ్య నీరసంగా ఉన్నాడని డబ్బు కట్టి లాంజ్‌లోకి తీసుకెళ్లాను. మెత్తటి సోఫాలు, కావలసినంత తిండి.

"ఇదేంట్రా, పెళ్లివారి విడిదిలా ఉంది!" అని నవ్వాడు.

తినడం కాగానే ప్లేటు పట్టుకుని లేచాడు. మా చర్చి విందుల్లో ఎవరి ప్లేటు వాళ్లే కడుక్కుంటారు. చేతులు కడుక్కునే చోట అన్నయ్య ప్లేటు తోముతుంటే అందరూ అటే చూశారు. పక్క సోఫాలోని పెద్దమనిషి నవ్వుతూ, "ఆయన మీవాళ్లేనా అండీ?" అని అడిగాడు.

"కాదండి" అన్నాను.

తలెత్తేసరికి తడి ప్లేటుతో అన్నయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెళ్లి దూరంగా ఓ కుర్చీలో కూర్చున్నాడు. విమానానికి పిలిచినప్పుడు మాత్రం నా బ్యాగు కూడా తనే భుజాన వేసుకుని, "పదరా, టైమైంది" అన్నాడు.

ఇంటికొచ్చాక, "తమ్ముడు నన్ను మహారాజులా చూసుకున్నాడు" అని అందరికీ చెప్పాడు. మూడు నెలలకే పోయాడు.

మొన్న అన్నయ్య ఏడాది జ్ఞాపకార్థ కూడికలో వదిన లేచి అదే మాట చెప్పి, నా వైపు చేతులు జోడించింది. ఇక కూర్చోలేకపోయాను. జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పేశాను.

"వదినా, తోడబుట్టినవాణ్ని నావాడు కాదన్నాను. నన్ను క్షమించు" అన్నాను.