సగం చెంచా చాలు

కాగితం మిల్లు మురుగునీటిని తేటపరచడంలో మామయ్యది ముప్పై ఏళ్ల చెయ్యి. ఓసారి నీటిలోని మురికిని ముద్దకట్టించే పాలిమర్ పొడి తడిసి ఉంటే, దాని మీద కాలు వేసి, ట్యాంకు దగ్గర జారినవాడు గేటు దాకా సాగిపోయి, హాజరు వేసుకుని మరీ లేచాడని మిల్లంతా చెప్పుకుంటారు. ఆయన కాదనడు.

ఆయన మేనకోడలు అక్కడే కొత్తగా కెమిస్టుగా చేరింది. మధ్యాహ్నంలోగా నీరు తేరకపోతే ఉద్యోగం ఉండదని మేనేజరు మెమో ఇచ్చాడు. ఆరు గాజు జాడీల్లో కాగితపు పీచు తేలే మురుగునీళ్లు పట్టి, రెండు చెంచాలతో మొదలుపెట్టి ఒక్కోదాంట్లో పాలిమర్ ద్రావణం పెంచుకుంటూ పోయింది. అయిదో జాడీకి నీళ్లు మరీ మసకబారాయి.

"ఇంకో రెండు చెంచాలు వేస్తా మామయ్యా."

"వెయ్యి తల్లీ, మిగిలిన జిగురుతో అట్టలు అంటించుకుందాం."

"నా ప్రాణం పోతుంటే నీకు వేళాకోళమా?"

"మీ చిన్న మామయ్యకి సంబంధం కుదర్చడానికి ఎంతమంది దూరారే?"

"ఎనిమిది మంది. ఇప్పటికీ బ్రహ్మచారే!"

"ఇదీ అంతే. మందు ఎక్కువైతే పీచుని కలవనివ్వదు. సగం చెంచా వెయ్యి."

ఆమె పకపకా నవ్వి ఆరో జాడీలో సగం చెంచా వేసింది. ముందు గబగబా, తర్వాత ఊయల ఊపినట్టు మెల్లగా తిప్పింది. పీచంతా తునకలు తునకలుగా కూడి అడుక్కి దిగింది.

మేనేజరు వచ్చేసరికి జాడీ వెనక ఆయన మెమోనే నిలబెట్టి ఉంది. నీళ్లలోంచి అక్షరం పొల్లుపోకుండా చదువుకుని, నవ్వాపుకోలేక దాన్ని చింపేశాడు.

"ముక్కలు ఇటివ్వండి సార్," అన్నాడు మామయ్య, "గుజ్జులో వేస్తే మళ్లీ కాగితమవుతుంది."