పక్క వాటా కుక్క, ఎండు నెత్తళ్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ఆకలి ఎక్కువ, ధైర్యం తక్కువ. శ్రీకాకుళంలో గది అద్దెకిస్తూ ఓనరుగారు ఒకే ఒక్క షరతు పెట్టారు: "నీచు వాసన వచ్చిందంటే ఆ రోజే ఖాళీ." సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, అయినా బుద్ధిగా తలూపాను. (గది దొరకడమే గగనం మరి.) నెల తిరక్కుండానే ఇంటి మీద బెంగతో అన్నం సహించక అమ్మకి ఫోన్ చేశాను. మర్నాడే బస్సు కండక్టరు చేత ఎండు నెత్తళ్లు, వేలెడేసి సముద్రం చేపలు, మూటగట్టి పంపింది.

తలుపులూ కిటికీలూ బిడాయించి, అగరొత్తులు గుప్పెడు వెలిగించి వండాను. ఓనరుగారి ముక్కుని మోసం చేశాను గానీ, పక్క వాటా పిన్ని కుక్క ముందు నా ఎత్తు పారలేదు. (పిన్ని అంటే చుట్టం కాదు, ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి అద్దెకుంటున్న పెద్దావిడ.) అది నా గుమ్మం ముందు కూర్చుని ఒకటే మూలుగు. నోరు మూయిద్దామని నాలుగు నెత్తళ్లు పడేశాను. మా ఊళ్లో పడవ ఒడ్డుకొస్తే కుక్కలు తమ వంతు తిని పోతాయి. పట్నం కుక్కా అంతే అనుకున్నాను. ఇది కాపురానికొచ్చినట్టు అక్కడే మకాం పెట్టింది.

ఓ ఆదివారం పొద్దున్న నేను కూర దించుతుంటే, ఆ కుక్క సందు చూసి లోపల దూరి, మూట నోట కరుచుకుని, తులసికోటకి నీళ్లు పోస్తున్న ఓనరుగారి కాళ్ల దగ్గర కుమ్మరించింది.

"ఎవరివివి?" అని గర్జించారాయన. గది పోయిందనుకున్నాను, గది పోతే ఉద్యోగమూ లేనట్టే. ఇంతలో పిన్ని చీపురుతోనే బయటికొచ్చింది.

"నావే బాబూ. మా అన్న అంపినాడు. ఏటి సేస్తాం, పేనం లాగింది."

పాత మనిషిని పొమ్మనలేక ఆయన తిట్టి తిట్టి అలిసిపోయారు. నేను గదిలో నక్కాను. సాయంత్రం పిన్ని గిన్నె పట్టుకొచ్చింది, వెనకాలే తోకాడిస్తూ అదీ.

"ఒరే, తిట్లన్నీ నాకు, కూరంతా నీకా? పొద్దుటి కూర ఉన్నాదా? సింతకాయ ఏసినావా?"

మొదటి ముద్దకే ఆవిడ కళ్లు నిండాయి. "మాదీ సముద్రం ఒడ్డేరా. ఈ ఇంట్లోకి వచ్చినకాడ్నుంచి వండనేదు" అంది. ఆ పూట నా బెంగ సగం తీరింది.

ఇప్పుడు విజయనగరంలో సొంత ఫ్లాటు, వంటింట్లో చిమ్నీ. ఏం వండినా అడిగేవాళ్లు లేరు. పిన్ని పోయిందని ఈమధ్యే తెలిసింది. నెత్తళ్లు వండిన రోజు మటుకు చిమ్నీ ఆపేసి, వీధి తలుపు బార్లా తీసి కూర్చుంటున్నాను. "ఎవరొస్తారనీ?" అంటుంది మా ఆవిడ. ఎవరూ రారని నాకూ తెలుసు. బట్టతల వచ్చాక కుక్క కోసం ఎదురుచూడ్డమేమిటని నాకే నవ్వొస్తుంది. పిన్ని ఉంటే "ఎర్రిబాబూ, సల్లారిపోతాది, తినీ" అనేది.